మోకాలి చిరుగు - ఇంజెక్షన్: సందేహాలు, సమాధానాలు

సందేహం: డాక్టరు గారూ, నాకు 52 ఏళ్లు. మాది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు అండమాన్‌లోని మాయాబందర్‌లో వేట. బోటు నుంచి జెట్టీ మీదికి అడుగేస్తుంటే మోకాలు మెలిపడింది. మూడు నెలలైనా లోపలి వైపు నొప్పి తగ్గలేదు. ఎమ్మారైలో మెనిస్కస్ చిరిగిందన్నారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఇంజెక్షన్ చేస్తే ఆపరేషన్ అక్కర్లేదని విశాఖలో మా బావమరిది అంటున్నాడు. చిరిగింది అతుక్కుంటుందా? నాకు షుగరుంది.

సమాధానం: అతుక్కోదు. ఆ ఆశతోనే చాలామంది సూది మీద సూది వేయించుకుంటున్నారు, అందుకే ముందే చెప్పేస్తున్నాను. మోకాలి కీలులో నెలవంకల్లాంటి రెండు మెత్తలుంటాయి, మెనిస్కస్ అంటే అవే. వాటి బయటి అంచుకే రక్తం బాగా అందుతుంది. లోపలి భాగం చిరిగితే దానంతటది మానదు, ఏ ఇంజెక్షనూ దాన్ని కుట్టలేదు.

అలాగని దిగులు పడకండి. ఈ వయసులో చిరుగు వేరు, నొప్పి వేరు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 దాటిన 991 మందికి మోకాలి ఎమ్మారై తీశారు. చిరుగున్నవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలంతా నొప్పే లేదని 2008లో తేలింది. 2013లో వెలువడిన ఇంకో పరిశోధనలో, చిరుగుతోపాటు కీళ్ల అరుగుదల కూడా ఉన్న 351 మందిలో కొందరికి ఆపరేషన్, కొందరికి వ్యాయామం ఇచ్చారు. ఆరు నెలలకు రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. వ్యాయామం జట్టులో నూటికి 30 మంది ఈలోగా ఆపరేషన్‌కు వెళ్లారు, అదీ నిజమే.

మరి ఇంజెక్షన్ దేనికి? వాపునూ నొప్పినీ కొన్ని వారాలు అణచడానికి. తెర మీద సూది మొనను చూస్తూ వేస్తారు కాబట్టి మందు పక్క కొవ్వులోకి పోకుండా కీలులోకే చేరుతుంది. నొప్పి తగ్గిన ఆ వారాలు వల లాగడానికి కాదు, తొడ కండరానికి బలం తెచ్చుకోవడానికి. కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, అయిదు సెకన్లు కిందికి అదమండి. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు. గొంతుక్కూర్చోవద్దు.

ఆ ఇంజెక్షన్‌లో ఉండేది స్టెరాయిడ్. అది వేశాక కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, రోజూ చూసుకోండి. శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్) వెళ్లి వేయించుకుంటే తిరుగు ప్రయాణం రెండొందల కిలోమీటర్ల పైమాటే. దారిలో వాహనాల కాన్వాయ్ కోసం, బారాటాంగ్ పడవ కోసం ఆగినప్పుడల్లా దిగి నాలుగడుగులు నడవండి. ఇంటికొచ్చాక మోకాలు ఎర్రగా ఉబ్బి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే మాయాబందర్ ఆర్.పి. ఆసుపత్రికి వెళ్లండి.

సందేహం: మూడు నెలలకోసారి వేయించుకుంటూ పోవచ్చా? మా రక్తంతోనే చేసే పీఆర్పీ మేలంటున్నారు.

సమాధానం: పోకూడదు. కీళ్ల అరుగుదల ఉన్న 140 మందిలో కొందరికి రెండేళ్లపాటు 12 వారాలకోసారి స్టెరాయిడ్, మిగిలినవారికి ఉప్పునీరు ఇచ్చి చూస్తే, స్టెరాయిడ్ వారికి కీలులోని గుజ్జు ఎక్కువ అరిగింది, నొప్పిలో తేడా లేదు. ఇది 2017 నాటి ఫలితం. పీఆర్పీనీ ఆస్ట్రేలియాలో 288 మంది అరిగిన మోకాళ్లలో ఉప్పునీటితో పోల్చారు. ఏడాదికి నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అప్పుచేసి వేయించుకోవద్దని నా మాట.

సందేహం: మా అమ్మాయికి 19. వాలీబాల్ ఆడుతూ పడింది. మోకాలు వంగినట్టే ఉండిపోయింది, చాపలేకపోతోంది. ఇంజెక్షన్ సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. చిరిగిన ముక్క కీలులో ఇరుక్కుని ఉండొచ్చు. కాలిని బలవంతంగా లాగనివ్వకండి, మర్దన వద్దు. ఈ వయసులో ఆ ముక్కను కుట్టి నిలబెట్టే వీలుంది, ఆలస్యమయ్యే కొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. ఈ వారమే ఎముకల సర్జన్‌కు చూపించండి.