మజిలీ

1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి నేటి పాలమూరు ప్రాంతం గుండా హైదరాబాదు చేరాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో దారి పొడవునా మజిలీలే. ఎక్కడ ఆగాలో, ఎన్నాళ్లు ఆగాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ ఆనాటి బాటసారిదే. రైలు వచ్చాక ఆ స్వేచ్ఛకు కొలత ఏర్పడింది.

భారతీయ రైల్వే నిబంధనల ప్రకారం అయిదు వందల కిలోమీటర్లకు మించిన టికెట్టుపైననే మధ్యలో ఆగే వీలుంది. మొదటి 500 కి.మీ. ప్రయాణించిన తరువాతనే దిగాలి. దిగిన రోజు, తిరిగి బయలుదేరే రోజు కాక రెండు రోజులు ఉండవచ్చు. స్టేషను మాస్టరు చేత టికెట్టుపై నమోదు చేయించుకోవాలి. వెయ్యి కిలోమీటర్లు దాటిన టికెట్టుకు ఇటువంటి మజిలీలు రెండు. సికింద్రాబాదు నుండి ఢిల్లీకి పోయేవాడు నాగపూరులో దిగి బంధువులను చూసి పోవచ్చునన్నమాట. రాజధాని, శతాబ్ది వంటి రైళ్లకు ఈ సౌకర్యం లేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రయాణికులకు ఈ ఔదార్యం అందదు. ఆ రెండు పట్టణాలూ సికింద్రాబాదుకు రమారమి నూటపది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. పైగా 2016 మార్చి 1 నుండి 199 కి.మీ. లోపు సాధారణ టికెట్టు కొన్నవారు మూడు గంటలలోగా, లేదా ఆ గమ్యానికి వెళ్లే తొలి రైలుకు ప్రయాణం ప్రారంభించాలి. ఒకే టికెట్టును పలువురు వాడుకోకుండా చేసిన కట్టడి ఇది. టికెట్ల యంత్రం వద్ద స్మార్ట్‌కార్డుతో కొన్నా నియమం మారదు. అక్కడ కార్డు డబ్బు సంచి మాత్రమే, టికెట్టు మాత్రం కాగితమే.

మెట్రో కార్డు అట్లా కాదు. అది సంచీ, టికెట్టూ కూడా. ప్రవేశద్వారం వద్ద తాకించగానే స్టేషను పేరు, సమయం అందులో నమోదవుతాయి. బయటికి వచ్చేటప్పుడు ఛార్జీ తీసివేయబడుతుంది. లోపల ఎంతసేపైనా ఉండనిస్తే, ఒకడు ఉదయం ప్రవేశించి నగరమంతా తిరిగి పక్క స్టేషనులో దిగి కనీస ఛార్జీతో బయటపడగలడు. అందుకే మెట్రోలు కాలపరిమితి విధిస్తాయి. ఢిల్లీ మెట్రోలోనూ అది ఉంది. లండన్‌లో 2003లో వచ్చిన ఆయిస్టర్ కార్డుదీ ఇదే లెక్క. బయటికి వచ్చినట్లు నమోదు కాకపోతే గరిష్ఠ ఛార్జీ పడుతుంది.

2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్.బి.నగర్ మార్గం ప్రారంభమైన నాటి నుండి నల్లగొండ బస్సు దిగిన విద్యార్థికి ఎల్.బి.నగర్‌లోనే మెట్రో అందుతున్నది. మహబూబ్‌నగర్ నుండి వచ్చేవారికి మహాత్మాగాంధీ బస్‌స్టేషను పక్కనే స్టేషనుంది. అక్కడ గాని, అమీర్‌పేటలో గాని ద్వారం దాటకుండా రైలు మారడం మజిలీ కాదు; ప్రయాణం ఒక్కటే. కాని అమీర్‌పేటకు పోయే విద్యార్థి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, హాస్టల్లోని అన్నను పలకరించి, మళ్లీ ఎక్కితే అవి రెండు ప్రయాణాలు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు ఛార్జీ తగ్గే పద్ధతి కనుక రెండు ముక్కల మొత్తం ఒకే ప్రయాణపు ఛార్జీని మించుతుంది. నెల ఖర్చుకు ఇంటి నుండి లెక్కగా డబ్బు తెచ్చుకొన్నవాడికి ఇది చిన్న విషయం కాదు. స్టేషను మాస్టరును బతిమాలుకోవచ్చు, ద్వారాన్ని బతిమాలలేము. అన్నను పలకరించే పని తిరుగు ప్రయాణానికి వాయిదా వేసినా ఛార్జీ అంతే అవుతుంది. ఫోనులో పలకరిస్తే మిగులుతుంది.