నీలి తెర రాకముందే ఆ 48 అంకెలు రాసి పెట్టుకోండి



2024 జూలై 19, శుక్రవారం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఆ పాసుల ఫొటోలు మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగాయి. అమెరికాలో డెల్టా సంస్థ ఐదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసుకుంది. చాలామంది దీన్ని హ్యాకర్ల పని అనుకున్నారు. కానీ హ్యాకర్ల నుంచి కాపాడాల్సిన సాఫ్ట్‌వేరే తప్పు అప్‌డేట్ తీసుకుని పడిపోయింది.

ఆ సాఫ్ట్‌వేర్ క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీవారి ఫాల్కన్. ఎక్కువగా పెద్ద సంస్థలు వాడేది. మన కాలమానం ప్రకారం ఉదయం 9:39కి ఆ కంపెనీ ఒక చిన్న ఫైలు పంపింది. తప్పు తెలిసి 10:57కి వెనక్కి తీసుకుంది. అంటే 78 నిమిషాలు. ఈలోపే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క వేసింది.

జరిగిన తప్పు మీ ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. 21 గడుల ఫారం ఉంది, నింపింది 20 గడులే అనుకోండి. ఇరవై ఒకటో గడి చదవమంటే మనిషైతే "ఇక్కడేమీ లేదండీ" అంటాడు. ఆ ప్రోగ్రాం మాత్రం లేని గడి కోసం మెమరీలో తనది కాని చోటికి వెళ్లి చదవబోయింది. మామూలు యాప్ ఈ పని చేస్తే ఆ యాప్ ఒక్కటే మూతపడుతుంది. ఫాల్కన్‌లోని ఈ భాగం విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో పనిచేస్తుంది. అక్కడ తప్పు జరిగితే, మరింత నష్టం జరగకుండా విండోస్ మొత్తం యంత్రాన్నే ఆపేస్తుంది; ఆ రోజు నీలి తెర చూపించింది. మళ్లీ ఆన్ చేస్తే అదే ఫైలు, అదే నీలి తెర.

తప్పుడు ఫైలును వెనక్కి తీసుకున్నా కంప్యూటర్లు ఎందుకు లేవలేదు? పూర్తిగా ఆన్ కాని యంత్రానికి ఇంటర్నెట్ ద్వారా కొత్త ఫైలు అందదు కదా! కొన్నింటికి మాత్రం పదే పదే రీస్టార్ట్ చేస్తుంటే, పడిపోయేలోపే మంచి ఫైలు అందింది. మిగతా వాటిలో చాలావరకు సిబ్బంది ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, 291 నంబరున్న ఆ ఫైలును చేత్తో తొలగించాల్సి వచ్చింది. తెలిసినవారికి అది కాసేపటి పనే. అయితే డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట కంప్యూటర్ ముందు 48 అంకెల రికవరీ కీ అడిగింది. కొన్ని సంస్థల్లో ఆ కీలు దాచిన సర్వర్ కూడా నీలి తెరతోనే ఉంది. బీరువా తాళంచెవి బీరువాలోనే ఉండిపోయినట్టు!

ఇంటి ల్యాప్‌టాప్‌లో ఫాల్కన్ ఉండదు, నిజమే. కానీ ఆ 48 అంకెల తాళం ఉండొచ్చు. ఈమధ్య కొన్న చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, డిస్కు ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. ఏదైనా అప్‌డేట్ తేడా చేసి కీ అడిగినప్పుడు అది దొరక్కపోతే, మీ పాప ప్రాజెక్టు ఫైళ్లు, ఇంటి ఫొటోలు మైక్రోసాఫ్ట్ కూడా తీసివ్వలేదు.

అందుకే ఈ ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పని చేయండి. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ వెబ్‌సైట్ తెరిచి, ల్యాప్‌టాప్‌లో వాడే మెయిల్‌తోనే లాగిన్ అవ్వండి. డివైసెస్ విభాగంలో మీ ల్యాప్‌టాప్ పేరు కింద బిట్‌లాకర్ కీ ఉందేమో చూడండి. ఉంటే నోటుబుక్కులో రాసుకుని, సర్టిఫికెట్లు పెట్టుకునే ఫైల్లో దాచండి. రాసింది పిల్లల చేత ఒకసారి పైకి చదివించి సరిచూడండి. ఒక్క అంకె తప్పినా తాళం తెరుచుకోదు.

ఎప్పుడైనా అప్‌డేట్ తర్వాత ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే, విండోస్ గుర్తు కనబడగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఎంచుకుని, చివరగా వచ్చిన క్వాలిటీ అప్‌డేట్ తీసేయండి. ఈ దారిలో ఎక్కడైనా కీ అడగవచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం మీరు చేయి పెట్టకండి, ఐటీ విభాగానికి ఫోన్ చేయండి. షాపులో "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అంటే, ముందు డేటా బయటికి తీయగలరా అని అడగండి. ఫార్మాట్ ఆఖరి మార్గం. గూగుల్‌లో కనబడిన "ఫిక్స్" ఫైళ్లు మాత్రం దించుకోవద్దు. జూలై 19నే ఈ గందరగోళాన్ని వాడుకుంటూ మోసగాళ్లు బయల్దేరారని అమెరికా సైబర్ భద్రతా సంస్థ హెచ్చరించింది.

ఇదంతా చదివి కొందరు అప్‌డేట్లే ఆపేద్దాం అనుకోవచ్చు. దయచేసి ఆ పని చేయకండి. 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలు వేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. కాబట్టి అప్‌డేట్లు రానివ్వండి. పరీక్ష దరఖాస్తు ఆఖరి రోజు, ఆన్‌లైన్ టెస్టు ముందు రాత్రి మాత్రం సెట్టింగ్స్‌లో ఒక వారం పాజ్ పెట్టుకోండి.

ఇంకో చిన్న విషయం. ల్యాప్‌టాప్ కొన్న రోజు షాపు అబ్బాయి తన సొంత మెయిల్‌తో లాగిన్ చేసి ఇస్తే, కీ అతని అకౌంట్‌లోకే వెళ్లి ఉండొచ్చు. ఆదివారం మీ అకౌంట్‌లో ఏమీ కనబడకపోతే ముందు అది కనుక్కోండి.