సొట్టల డ్రమ్ము

పోయిన నెల సోషల్ మేస్టారు మా తొమ్మిదో తరగతిని పూడిమడక తీసుకెళ్లారు. ఘాట్ దిగి మాడుగుల, చోడవరం, అనకాపల్లి దాటి చేరేసరికి పది దాటింది. నేను సముద్రం చూడడం అదే మొదలు. కాసేపు ఎవరి మాటా చెవికెక్కలేదు.

ఒడ్డున ఒక గుంటడు ఖాళీ డీజిల్ డ్రమ్ము బోర్లించి కర్రలతో వాయిస్తున్నాడు. మనవాళ్లు ఊరుకుంటారా? థింసా అడుగు వేసేశారు. పడవాయన పరుగున వచ్చి, "సొట్టలు పడిపోతే డబ్బులెవడిస్తాడ్రా?" అని కేకలేశాడు. మేస్టారు నవ్వి, "ట్రినిడాడ్‌లో సొట్టలు పడితేనే రేటు బాబూ" అన్నారు. మమ్మల్ని ఇసకలో కూర్చోబెట్టి ఆ సంగతి చెప్పారు.

క్రికెట్లో వెస్టిండీస్ అంటామే, అది ఒక్క దేశం కాదు. కరీబియన్ దీవులూ, గయానా కలిసి ఆడే జట్టు. అక్కడి చెరకు తోటలకి ఆఫ్రికా మనుషుల్ని ఓడల్లో తెచ్చి బానిసలుగా అమ్ముకున్నారు. బ్రిటిష్ వాళ్ల తోటల్లో 1838కి గానీ వాళ్లకి పూర్తి విడుదల రాలేదు. దొరలకి వేరే కూలీలు కావలసి వచ్చారు. 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ అనే ఓడలు కలకత్తా నుంచి గయానా చేరాయి. అందులో చాలామంది ఛోటానాగపూర్ ఆదివాసులు. దొరల ఉత్తరాల్లో వాళ్ల పేరు 'కొండకూలీలు'. ఈ మాట దగ్గర మేమెవరం కదల్లేదు. తర్వాత మద్రాసు రేవు నుంచి తమిళులూ, మన తెలుగువాళ్లూ వెళ్లారు.

"ఆఫ్రికావాళ్లకీ మనవాళ్లకీ పడేదా సార్?" అని అడిగాను. కూలిరేటు తగ్గించడానికే వీళ్లని దించారని వాళ్లకి కోపముండేదట. కానీ దెబ్బ ఇద్దరికీ తగిలింది. 1881 కార్నివాల్‌లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఆఫ్రికావాళ్లకీ పోలీసులకీ పెద్ద కొట్లాట అయింది. ఆ తర్వాత చట్టాలు తెచ్చి వాళ్ల డోళ్లని అణిచేశారు. 1884లో మనవాళ్ల పీర్ల ఊరేగింపు మీద సాన్ ఫెర్నాండోలో కాల్పులు జరిపారు. ఆ పండుగని అక్కడ హోసే అంటారు.

డోలు పోతే ఆఫ్రికావాళ్లు వెదురుబొంగులు నేలకేసి కొట్టి మోత పుట్టించారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, 1940లు వచ్చేసరికి నూనె డ్రమ్ములు. డ్రమ్ము అడుగుని సమ్మెటతో కొట్టి గిన్నెలా లోతు చేస్తారు. అందులో గళ్లు పెట్టి ఒక్కో గడినీ సుత్తితో శ్రుతి చేస్తారు. పెద్ద గడికి లావు గొంతు, చిన్నదానికి సన్న గొంతు. రబ్బరు చుట్టిన పుల్లలతో వాయిస్తే పాట మొత్తం పలుకుతుంది. దాని పేరు స్టీల్ పాన్. ఆగస్టు 11ని ప్రపంచ స్టీల్ పాన్ దినంగా 2023లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది.

గయానాలో మద్రాసు ఓడలవాళ్ల అమ్మవారి గుళ్లలో ఈనాటికీ 'తప్పు' వాయిస్తారు. మన డప్పు లాంటిదే! ఆ పూజలకి ఆఫ్రికావాళ్లు కూడా వస్తారట. నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది.

(ఇది చదివి రేకుపెట్టెలు వాయించకండి. వార్డెన్ గారు కూడా ఈ పేజీ చదువుతారు.)

పోయిన వార్షికోత్సవానికి డప్పు, తుడుం తెస్తామంటే మోత ఎక్కువని వద్దన్నారు. సినిమా పాట పెట్టి దానికి థింసా వేశాం. అడుగులు కలవలేదు, మీరూ చూశారు. ఈసారి మా తాత తుడుం తెస్తానని వార్డెన్ గారిని అడిగాను. "చూద్దాం" అన్నారు. కిరిడి వాయించడం వచ్చినవాళ్లు ఏ తరగతిలో ఉన్నా నాకు చెప్పండి.