చలే కాపలాగా ఉన్న అడవి

సాంఘిక శాస్త్రంలో 'టైగా - శృంగాకార అడవులు - మెత్తని కలప' అని మనమంతా బట్టీపట్టినవాళ్లమే. ఆ అడవి భూతాపం వల్ల ఎలా మారిపోతోందో మేము తెలుసుకున్నంత మేరకు ఇక్కడ వివరిస్తున్నాం.

రష్యా, ఫిన్లాండ్, స్వీడన్, అలాస్కా, కెనడాల మీదుగా వ్యాపించిన టైగా ప్రపంచ అడవుల్లో దాదాపు మూడో వంతు. స్ప్రూస్, పైన్, లార్చ్ ఇక్కడి ముఖ్యమైన చెట్లు. ఈ అడవిలో చెట్లలో కంటే నేలలోనే ఎక్కువ కార్బన్ దాగి ఉంది. కారణం చలి. రాలిన ఆకులు, నాచు త్వరగా కుళ్లక వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకున్నాయి. అంటే ఈ అడవికి చలే కాపలా. ఇప్పుడు ఆ కాపలా మూడు విధాలుగా సడలుతోంది.

మొదటిది పురుగు. బియ్యపు గింజంత ఉండే పైన్ బీటిల్ పిల్లపురుగులు మైనస్ 40 డిగ్రీల చలికి చచ్చిపోయేవి. చలికాలాలు వెచ్చబడటంతో అవి బతికి, 1990ల నుంచి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో సుమారు 1.8 కోట్ల హెక్టార్ల అడవిని దెబ్బతీశాయి. తర్వాత రాకీ పర్వతాలు దాటి టైగాలోని జాక్ పైన్ చెట్లకూ పట్టాయి.

రెండవది నిప్పు. నిజానికి జాక్ పైన్ కాయలు మంట సెగకే విచ్చుకుని గింజలు రాలుస్తాయి. కాబట్టి నిప్పు ఈ అడవికి కొత్త కాదు. కానీ లేత చెట్లు కాయలు కాయకముందే మళ్లీ మంటలు వస్తే రాల్చడానికి గింజలే ఉండవు. 2023లో కెనడాలో దాదాపు కోటిన్నర హెక్టార్లు కాలిపోయాయి. నేటి ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం సుమారు 1.6 కోట్ల హెక్టార్లు! ఎల్లోనైఫ్ నగరంలో సుమారు 20,000 మంది ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. పొగ న్యూయార్క్ దాకా కమ్మింది.

మూడవది నేల. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే అడుగు నేల కరిగి కుంగుతోంది. పట్టు తప్పి అటూ ఇటూ వాలిన చెట్లను అక్కడివారు 'తాగిన చెట్లు' అంటారు. కరిగిన నేలలో సూక్ష్మజీవులు పాత ఆకులను కుళ్లబెట్టి కార్బన్ డై ఆక్సైడ్, మీథేన్ వాయువులను విడుదల చేస్తాయి. వాటివల్ల వేడి ఇంకా పెరుగుతుంది. వేడి పెరిగితే నేల మరింత కరుగుతుంది.

ఆ వాయువులకు సరిహద్దులు లేవు. అక్కడ విడుదలైనవి మన ఎండలనూ పెంచుతాయి. మొక్కలు నాటడం మంచిదే. కానీ వేల ఏళ్లుగా నేలలో దాగిన కార్బన్ ఒకసారి గాలిలో కలిస్తే, ఈ రోజు నాటిన మొక్క దాన్ని మన జీవితకాలంలో తిరిగి తేలేదు. అందుకే బొగ్గు, పెట్రోలు వాడకం తగ్గించడమే అసలు మందు. రేపు ఇంజనీర్లు, అధికారులు, ఉపాధ్యాయులు కాబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పటికే ఆ స్థానాల్లో ఉన్న పూర్వ విద్యార్థులూ ఈ విషయం గుర్తుంచుకోవాలని మా మనవి.