నీళ్లు మానొద్దు తల్లీ

వేంపల్లె

చిరంజీవి చిన్నపాపకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ జాబు అందింది. అంతకు ముందే పులివెందుల పెళ్లిలో మీ అత్త కనపడి, "గర్భసంచి ఆపరేషన్ అయినకాడి నుంచి కోడలు యాడికీ రాదు, ఇంట్లోనే మగ్గిపోతాంది" అని బాధపడింది. ఎందుకో నీ జాబు చదివినాక తెలిసింది. దగ్గినా తుమ్మినా చుక్కలు పడుతున్నాయని, అందుకని బస్సెక్కాల్సిన రోజు పొద్దున్నుంచి నీళ్లు ముట్టడం లేదని రాసినావు. ఆ నీళ్ల మాట చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

నీళ్లు మానొద్దు. తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది. చిక్కబడిన మూత్రం మూత్రసంచిని రేపుతుంది, అప్పుడు రవ్వంత చేరినా ఉరుకు ఉరుకు అంటుంది. నీళ్లు చాలకపోతే విరేచనం గట్టిపడుతుంది, ముక్కీ ముక్కీ కింది కండరాలు ఇంకా సడలిపోతాయి. ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు సరేసరి. మన ప్రొద్దుటూరు ఎండలకు రోజుకు రెండు లీటర్లయినా లోపలికి పోవాల. కావాలంటే టీ, కాఫీ తగ్గించు, పడుకునే ముందు తక్కువ తాగు. పగలు మాత్రం గొంతు ఎండబెట్టొద్దు.

ఈ అలవాటు మనకు యాడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మా చిన్నప్పుడు ఇండ్లలో మరుగుదొడ్లు యాడివి? తెల్లారకముందు, పొద్దుగూకినాక, ఆ రెండు పూటలే ఆడది బయటికి పోవాల. శ్రావణ శనివారాలు గండి తిరునాళ్లకు నడిచి పోయేవాళ్లం. పాపాఘ్ని ఏటి ఇసుకలో చెలమ తవ్వితే కొబ్బరినీళ్లలాంటి నీళ్లు ఊరేవి. మగపిల్లోళ్లు దోసిళ్లతో తాగుతాంటే, మా అమ్మ మాకు నోరు తడుపుకోమని మాత్రం చెప్పేది. దోవలో మేం యాడ కూర్చుంటామని ఆమె భయం. నేను నర్సుగా పల్లెల్లో తిరిగినప్పుడూ ఎంతమంది పొత్తికడుపు పట్టుకుని మంట, మంట అంటూ వచ్చినారో! నువ్వు బాత్రూము ఉన్న ఇంట్లో ఉండి ఆ పాత భయాన్ని మోయొద్దమ్మా.

ఇంక ఆ చుక్కల సంగతి. మూత్రసంచిని, పేగును కింది నుంచి ఒక కండరాల పొర ఉట్టి మాదిరి మోస్తుంటుంది. కాన్పులకు, వయసుకు, బరువులకు అది సాగుతుంది, ఆపరేషన్ తర్వాత కొందరిలో ఇంకా సడలుతుంది. దాన్ని బిగించే కసరత్తు ఉంది. అమెరికాలో కెగెల్ అనే డాక్టరు 1948లోనే దీని గురించి రాసినాడు. గ్యాసు పోకుండా బిగపట్టినట్టు, మూత్రం ఆపుకున్నట్టు, లోపలికి పైకి లాగు. అయిదు అంకెలు లెక్కపెట్టు, వదులు, అంతసేపు ఊరికే ఉండు. ఇట్లా పది సార్లు, రోజుకు మూడు పూటలు. కడుపు, తొడలు, పిరుదులు బిగించొద్దు, ఊపిరి ఆపొద్దు. మూత్రం పోసేటప్పుడు మాత్రం ఆపి ఆపి చేయొద్దు, అది అలవాటైతే సంచి పూర్తిగా ఖాళీ కాదు. వారానికే ఏం కాలేదని మానేస్తావు నువ్వు, నీ తొందర నాకు తెలుసు. మూడు నెలలు చెయ్. నీళ్లకుండలు, చీనీకాయల బుట్టలు ఎత్తే పని మీ ఆయనకు చెప్పు.

దగ్గకున్నా తుమ్మకున్నా రాత్రింబగళ్లు కారుతానే ఉంటే అది వేరే సంగతి. మూత్రసంచికీ యోనికీ మధ్య రంధ్రం పడి ఉండొచ్చు. దానికి కసరత్తు పనికిరాదు, సిగ్గు అసలే పనికిరాదు. వెంటనే డాక్టరుకు చూపించాల. అది బాగయ్యేదే.

కడాకు ఒక మాట రాసినావు చూడు, "ఇంక నాలో ఏముంది పెద్దమ్మా, పిల్లల దగ్గరే పండుకుంటున్నా" అని. కండ్ల నీళ్లు ఆగలేదు తల్లీ. నీలో అంతా ఉంది. తీసేసింది బిడ్డను మోసే సంచిని. సుఖమిచ్చే చోటు బయట ఉంది, అది యాడికీ పోలేదు. లోపల దారిని పైన కుట్టి మూసినారు, కుట్లు మానేదాకా ఆరు వారాలు ఆగాల, డాక్టరు చూసి సరేనన్నాక భయం లేదు. మేరీలాండ్‌లో వెయ్యిమందికి పైగా ఆడవాళ్లను రెండేండ్లు గమనించి 1999లో అచ్చువేసినారు. నొప్పి, రక్తం బాధ పోయినాక చాలామందికి కలయిక ముందుకన్నా మెరుగైంది. నెలకు పదిహేను రోజులు రక్తంతో నలిగినదానివి, నీకు మాత్రం ఎందుకు కాదు?

ఎండిపోయి మంటగా ఉందంటివి. నీ డిశ్చార్జి కాగితంలో అండాశయాలు కూడా తీసినారో లేదో చూడు. తీసుంటే ముట్లాగే దశ ఒక్కసారిగా మీద పడుతుంది, ఒళ్లు సెగలు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు బలహీనపడడం, ఈ మంట. నలభై దాటీ దాటని దానివి, హార్మోను మందు గురించి డాక్టరును అడిగి తీరాల. ఉంచినా అవి కొంచెం ముందే అలిసిపోవచ్చు. మంటకు లోపల రాసే క్రీము ఉంది, సబ్బుతో కడగడం మానెయ్.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 8.7 శాతం మందికి గర్భసంచి తీసేసినట్టు తేలింది. దేశం మొత్తమ్మీద 3.3 శాతమే. అంటే మీ వీధిలోనే నీలాంటి వాళ్లు ఉంటారు, ఎవరూ నోరు విప్పరు. తీసి పంపించేటప్పుడు ఈ నాలుగు మాటలూ చెప్పే తీరిక ఎవరికీ లేకపోవడమే నాకు కోపం.

ఈ జాబు అల్లుడికీ ఇయ్యి, నేనిమ్మన్నానని చెప్పు. నువ్వు దూరంగా పండుకుంటే తప్పు తనదేనేమోనని ఆ బిడ్డ అనుకుంటాన్నాడేమో, ఎవరికి తెలుసు. సోమవారం కడప రిమ్స్ ఆస్పత్రికి పోదాం. నేను వేంపల్లె నుంచి ముందే వచ్చి బస్టాండులో ఉంటా. డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు తెచ్చుకో, ఒక ప్యాడు పెట్టుకో. బయలుదేరే ముందు చెంబెడు నీళ్లు తాగి రా.

ఇట్లు
మీ పెద్దమ్మ