రెండు దేశాల బోర్డుల లెక్క: ఇంటర్వ్యూలో నిలబడే ప్రాజెక్టు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఎక్సెల్, పవర్ బీఐ నేర్చుకుని, బేగంపేట, పంజాగుట్ట ఆఫీసుల్లో అనలిస్టు ఉద్యోగాలు వెతుక్కునేవారికి ఒక సలహా. కోచింగ్‌లో అందరికీ ఇచ్చే సేల్స్ డేటానే రెజ్యూమెలో పెట్టకండి. మీ ఆలోచన కనిపించే సొంత ప్రాజెక్టు ఒకటి చేయండి. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ వ్యాపారంలో భారత్‌ను, వియత్నాంను పోల్చి చూడండి. డేటాకు పైసా ఖర్చు లేదు. సరుకు కూడా మనకు దూరమైనదేం కాదు. శ్రీకాళహస్తి దగ్గర ఏడాదికి 3.6 లక్షల క్యూబిక్ మీటర్ల సామర్థ్యంతో గ్రీన్‌ప్యానెల్ ఎండీఎఫ్ ఫ్యాక్టరీ 2018లో మొదలైంది. ఇలాంటి ఫ్యాక్టరీలు పెరిగితే జామాయిల్, సరుగుడు వేసిన రైతుకూ గిరాకీ పెరుగుతుంది.

సరుకేదో ముందే తేల్చుకోండి. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి ఫావోస్టాట్ డేటాబేస్‌లో అటవీ ఉత్పత్తుల లెక్కలు 1961 నుంచి ఉన్నాయి. కస్టమ్స్ కోడ్‌లలో పార్టికల్ బోర్డుది 4410, ఎండీఎఫ్ వంటి ఫైబర్ బోర్డులవి 4411, ప్లైవుడ్‌ది 4412. వెనీర్ కోడ్ వేరు, 4408. ఒక దేశానికి వెనీర్ కలిపి, రెండో దేశానికి వదిలేస్తే ఆ పోలిక చెల్లదు.

పరిమాణం, విలువ విడివిడిగా గీయండి. 2021లో కంటైనర్ కిరాయిలు విపరీతంగా పెరిగాయి. అలాంటి ఏడాది సరుకు పెరగకపోయినా దిగుమతి విలువ పెరగవచ్చు. విలువను పరిమాణంతో భాగించి యూనిట్ ధర కూడా చూడండి. ఫావోస్టాట్‌లో విలువ వేల డాలర్లలో ఉంటుంది. క్యూబిక్ మీటరు ధర 0.3 డాలర్లని వచ్చిందంటే ఆ వెయ్యితో గుణించడం మరిచిపోయినట్టే. 8×4 అడుగుల 18 ఎంఎం షీట్లు సుమారు 19 కలిస్తే ఒక క్యూబిక్ మీటరు. ఈ లెక్క గుర్తుంటే తప్పు వెంటనే దొరుకుతుంది.

రెండువైపుల లెక్కలూ చూడండి. వియత్నాం చెప్పే ఎగుమతి, భారత్ చెప్పే దిగుమతి సమానంగా ఉండవు. ఎగుమతి విలువలో ఓడ కిరాయి, బీమా ఉండవు. దిగుమతి విలువలో ఉంటాయి. పైగా మన వాణిజ్య శాఖ ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకు. ఐక్యరాజ్య సమితి కామ్‌ట్రేడ్‌లో వార్షిక లెక్క జనవరి నుంచి డిసెంబర్ వరకు. నెలవారీ డేటాతో సరిచేశాకే పోల్చండి.

మలుపులకు కారణం వెతకండి. వియత్నాం 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. ఆ దేశం, ఇండోనేషియా పంపే మందపాటి ఎండీఎఫ్‌పై 2016లో భారత్ యాంటీ డంపింగ్ సుంకం వేసింది. దిగుమతి తగ్గినట్టు కనిపించగానే సుంకమే కారణమని రాసేయకండి. 9 ఎంఎం దాటిన ఎండీఎఫ్ కోడ్ 441114. 5 ఎంఎం లోపుది 441112. మందపాటిది తగ్గి పలుచటిది తగ్గకపోతే మీ వాదనకు బలం వస్తుంది. రెండూ తగ్గితే వేరే కారణం వెతకాలి.

చివరికి ఒకే పేజీ, మూడు గ్రాఫులు చాలు. ప్రతి గ్రాఫు కింద డేటా ఎక్కడిదో, ఏ కోడ్‌లు కలిపారో, ఏ అంకెలు అధికారికమో, ఏవి అంచనాలో రాయండి. ఇంటర్వ్యూలో రంగుల గురించి అడిగేవారు తక్కువ. ‘ఈ గీత ఇక్కడెందుకు వంగింది?’ అనే అడుగుతారు. ఆ ప్రశ్నకు మీరే వెతికి తెలుసుకున్న జవాబు చెప్పగలిగితే, ఫ్రెషరైనా మిమ్మల్ని పనిమంతులుగానే చూస్తారు.