సైలెన్సర్ కింద పడుకుని నేర్చుకున్నవి

బెజవాడ ఆటోనగర్‌లో షెడ్డు పెట్టినప్పటి నుంచి నా చేతుల మీదుగా ఎక్కువగా పోయింది మారుతి 800. 2014లో తయారీ ఆగిపోయినా ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, ఒక్కోటి వీధి చివర నుంచే అరుచుకుంటూ. ఇప్పుడు నా మోకాళ్లు నన్ను బండి కిందికి దూరనివ్వవు. కుర్రాళ్లు పడుకుంటారు, నేను స్టూలు మీద కూర్చుని సణుగుతుంటాను. ఆ సణుగుడే ఇది.

1. ఇంజిన్ ఆపిన వెంటనే కిందికి దూరకండి. పైపు చల్లారేదాకా టీ తాగి రండి. నా మోచేతి మీది మచ్చ పాతికేళ్లది.

2. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. స్టాండ్లు పెట్టండి, నేల మీదున్న చక్రాలకు అడ్డు వేయండి. ఇటుకలు చాలనేవాడుంటే ముందు వాణ్ణే దూరమనండి.

3. సైలెన్సర్‌ని తుప్పు ఎక్కువగా లోపలి నుంచే తింటుంది. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. బండి గంటసేపు నడిస్తే పైపు కాగి ఆ తేమ బయటికి పోతుంది. రైతుబజారుకెళ్లి పది నిమిషాల్లో తిరిగొచ్చే బండిలో అది చల్లబడి అడుగున నిలుస్తుంది. అందుకే ఊళ్లు తిరిగే బండి కంటే రిటైరైన మాస్టారి బండికే పైపు ముందు పోతుంది. ఆయనేమో 'అసలు తిప్పనే లేదయ్యా' అంటారు. తిప్పకపోవడమే జబ్బు, మాస్టారూ.

చాలా సైలెన్సర్లకు ఆ నీళ్లు కారడానికి అడుగున సన్నని బెజ్జం ఉంటుంది. కొత్తలో దాన్ని తుప్పు బెజ్జం అనుకుని వెల్డింగ్ పెట్టి మూశాను. ఓనరు మెచ్చుకుని పది రూపాయలు ఎక్కువిచ్చాడు కూడా. ఆ ఏడాదే అడుగంతా ఊడొచ్చింది.

4. తుప్పు పట్టిన నట్టు మీద బలం చూపించకండి. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. తెల్లారి రింగు స్పానరుతో మొదట బిగువు వైపు వెంట్రుకవాసి తిప్పి, తర్వాత వదులు వైపు తిప్పండి. పైపుల మధ్య బోల్టు మొండికేస్తే కోసేయొచ్చు. మ్యానిఫోల్డ్ స్టడ్ అలా కాదు, విరిగిందంటే డ్రిల్లు పెట్టి తవ్వాలి, పూట పని రెండు రోజులవుతుంది. గ్యాస్ మంటతో కాల్చేవాళ్లున్నారు. పెట్రోలు ట్యాంకు పక్కన ఆ పని నా షెడ్డులో చేయనివ్వను.

5. పైపును బండికి కట్టకూడదు, వేలాడదీయాలి. ఇది ఒక్కటి గుర్తుంటే మిగతావి మర్చిపోయినా పర్లేదు. 800ది మూడు సిలిండర్ల ఇంజిన్, నిలబడి ఉన్నప్పుడే ఒళ్లు విదిలిస్తుంది. దానితోపాటు పైపూ ఊగాలి, కాగినప్పుడు సాగాలి. ఆ ఊపును మింగడానికే రబ్బర్లు. రబ్బరు తెగిందని కట్టుతీగ చుట్టి పంపితే ఊపంతా బాడీకెక్కి లోపల బొయ్యిమంటుంది, ఆపైన వెల్డింగ్ దగ్గర పైపు చిట్లుతుంది. ఓనరేమో 'డూప్లికేట్ వేశావ్' అంటాడు. పైపు మార్చినప్పుడల్లా రబ్బర్లూ మార్చండి. అవి ఎక్కడానికి సబ్బునీళ్లు రాయండి. నూనె, గ్రీజు తగిలితే ఉబ్బిపోతాయి. ఒకే బండికి రెండుసార్లు పైపు పగిలిందంటే పైపును వదిలేసి ఇంజిన్ మౌంటింగులు చూడండి.

6. పాత ప్యాకింగ్ గీకేసి కొత్తది పెట్టి, ముందు అన్నీ వదులుగా ఎక్కించండి. చేత్తో ఊపితే ట్యాంకుకు గానీ ఫ్లోరుకు గానీ తగలకూడదు. ఆ తర్వాతే ఇంజిన్ వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి.

7. స్టార్ట్ చేసి, పైపు చివర మందంగా మడిచిన గుడ్డ క్షణంపాటు అడ్డుపెట్టండి. ఎక్కడ బుస్సుమంటే అక్కడ లీకు. చప్పుడొక్కటే కాదు సంగతి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసనా లేదు, రంగూ లేదు. అద్దాలు బిగించి పిల్లల్ని ఎక్కించుకునే బండి అది.

8. కొత్త పైపు మొదట కాస్త పొగ వదులుతుంది, పైనున్న నూనె కాలడమే. వారం తిరిగాక నట్లు మళ్లీ చూడాలి. రమ్మంటే ఎవరూ రారు.

9. పాత సైలెన్సర్‌ని ఇనప సామానుకు వేసే ముందు చెవి దగ్గర ఊపండి. గలగలమంటే లోపలి రేకులు ఊడాయి. బుడుబుడుమంటే నీళ్లు. మొన్న మా కుర్రాడొకడు అలాగే ఊపి, తిరగేసి, బెజ్జం మీద వెల్డింగ్ చుక్క చూపించాడు. 'ఏ మహానుభావుడు వేశాడు మేస్త్రీ ఇది?' అన్నాడు. టీ చెప్పి రమ్మన్నాను.